భరతుని లేడిపిల్ల – మన ఇంటి కుందేలు

శరణాగతికి ఆఱు అంగములు కలవని ఆస్తికలోకమునకు విదితమే. వానిలో మొదటిది ఆనుకూల్య సంకల్పము. భగవంతునకు అనుకూలముగా నడచుకొందునను నిశ్చయమని దానికి సామాన్యముగా అర్థము చెప్పుకొందుము. పాంచరాత్రమునకు చెందిన లక్ష్మీతంత్రమున శ్రీమహాలక్ష్మి ఇంద్రునకు ఉపదేశించుచు ఈ మాటకు ఇంకను విశాలమైన అర్థమును చెప్పినది. సర్వభూతముల యెడల అనుకూలముగా నుండుటయే ఆనుకూల్యము. ఏలయన ఆ భూతములన్నింటి లోపల నున్నది తానే యని ఆ తల్లి కారణమును కూడ తెలిపినది. శరణాగతుడు కాగోరువాడు తొలి అడుగును తన వాకిట నున్న నోరులేని ప్రాణి యొద్దనే వేయవలెనని దీని తాత్పర్యము.

శ్రీమద్భాగవతమును ఈ మాటనే బలపఱచుచున్నది. సకలభూతములలో నున్న తన్ను అనాదరించి ప్రతిమలో మాత్రమే పూజించువాని పూజ బూడిదలో చేసిన హోమమువంటిదని కపిలభగవానుడు తల్లి దేవహూతికి బోధించినాడు. సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మములు చెప్పుచు, లేళ్లను, ఒంటెలను, గాడిదలను, కోతులను, ఎలుకలను, పాములను, పక్షులను, ఈగలను సైతము కన్నబిడ్డలవలె చూడవలెనన్నాడు. ఎలుకకును ఈగకును చోటు దొరకిన ఆ వరుసలో కుందేటికి చోటు లేకపోవునా?

కుందేటి ప్రస్తావన ఇప్పుడెందుకని పాఠకమహాశయులు అడుగవచ్చును. మన పట్టణములలో తెల్లని కుందేళ్లను కొని పెంచుట నేడు అనేక గృహములలో వాడుకైనది. వానితోపాటు, కొన్న కొన్నాళ్లకే వానిని మఱచుటయు వాడుకైనది. ఈ రెండవ వాడుకను గూర్చి కొంత విచారింపవలసియున్నది.

మౌనముగా బాధపడు ప్రాణి

కుందేలు బొమ్మవలె ముద్దుగా నుండును. అఱచి ఇరుగుపొరుగువారి నిద్ర చెఱుపదు. కుక్కవలె వీధిలో త్రిప్పవలసిన పనియు లేదు. ఇట్లు తలచి పెద్దలు కొనుటకు ఒప్పుకొందురు. పుట్టినరోజున పిల్లవాడు మారాము చేయును. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెత ఇచట పిల్లవానికే చెల్లును. సాయంకాలమునకు అట్టపెట్టెలో ఒక జత ఇల్లు చేరును.

మొదటి వారమంతయు సందడియే. రెండవ నెలలో ఆ పెట్టె వరండాలోనికి జరుగును. పరీక్షల కాలము వచ్చుసరికి మేడమీదికి ఎక్కును. నీటిగిన్నె బోర్లపడినను చూచువాడుండడు. గోళ్లు వంకరలు తిరుగును. ఇనుపకమ్మీల అడుగుపై నిరంతరము నిలుచుటచే పాదములు పుండ్లు పడును. ఏ గుణమును మెచ్చి దానిని తెచ్చినారో, ఆ 'అఱవకపోవుట' యే దానికి శాపమగును. ఆకలిగొన్న ఆవు అంబా యనును, కుక్క మొఱుగును. కుందేలు ఆకలిని, నొప్పిని, భయమును మౌనముగానే భరించును. బలహీనత బయటపడిన ప్రాణి ముందుగా శత్రువు నోట పడును గనుక, బాధను దాచుకొనుట దాని జాతిస్వభావము.

కూరత్తాళ్వాన్ స్వామి ఒకనాడు పాము నోటబడిన కప్ప అఱపు విని, దీనికి దిక్కెవరని తల్లడిల్లి మూర్ఛపోయినారని పూర్వాచార్యుల చరిత్రలలో చెప్పుదురు. ఆ కప్పకు అఱపైనను కలదు. మేడమీది పంజరములోని కుందేటికి అదియు లేదు. మొఱపెట్టజాలని ప్రాణి విషయమున వినుటకు మాఱుగా చూచుట మన ధర్మము.

సమర్పణమా, పరిత్యాగమా?

కుందేలు బరువైన పిమ్మట కొందఱు గృహస్థులు చేయు పని యింకొకటి కలదు. దానిని సంచిలో పెట్టుకొని పోయి, ఊరి వెలుపలి తోపులోనో, కొండదారిలోనో, దేవాలయపు తోటలోనో విడిచి, 'స్వామియే చూచుకొనును' అని చేతులు జోడించి వత్తురు. అడవిజంతువును అడవికి చేర్చితిమని వారి భావము. ఇందు రెండు పొరపాట్లు కలవు.

మొదటిది జాతివిషయమైన పొరపాటు. చంద్రునికి శశాంకుడను పేరు తెచ్చిన శశము, పంచతంత్రమున సింహమును నూతిలో దూకించిన శశము, మన పొలములలోను పొదలలోను తిరుగు చెవులపిల్లియే. దాని పిల్లలు ఒడలినిండ రోమములతో, తెఱచిన కన్నులతో పుట్టును. పరుగే దానికి రక్ష. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది గనుక దానిని పట్టి తెచ్చి పెంచరాదు. అంగడిలో అమ్ము కుందేలు వేఱొక జాతి. దాని పూర్వులు ఐరోపా ఖండపు నైఋతిమూలన, స్పెయిన్, పోర్చుగల్ దేశములున్న ప్రాంతమున, నేలలో బొఱియలు చేసికొని గుంపులుగా బ్రతికినవి. శతాబ్దుల తరబడి మనుష్యుల చేతిమీదుగా పెరిగి వచ్చిన ఈ సంతతికి మన అడవి పుట్టిల్లు కాదు. ఏ ఆకు తినవచ్చునో, ఏ చప్పుడుకు పరుగెత్తవలెనో దానికి తెలియదు. తెల్లని దాని మేను పచ్చని నేలపై దూరమునుండియే కనబడును. కుక్కలు, పిల్లులు, గ్రద్దలు, పాములు అంతటను ఉన్నవి. శేషాచలపు అడవులలో చిరుతపులులు సంచరించునని నడకదారిన వెళ్లు యాత్రికులందఱకు తెలిసినదే. ఇట్టి చోట విడుచుట దానికి స్వేచ్ఛనిచ్చుట కాదు.

రెండవది ఇంతకంటె పెద్దది, భక్తివిషయమైన పొరపాటు. స్వామికి ఒక పండును సమర్పింపదలచినవాడు మంచిదానిని ఏఱి, కడిగి, పళ్లెరములో నుంచి అర్చకుని చేతికిచ్చును. వాడిన పూవును స్వామి మెడలో వేయ సాహసింపడు. తనకు అక్కఱతీరిన దానిని, స్వీకరించువాడు లేనిచోట, ఎవ్వరును చూడని వేళ పడవేసి వచ్చుట సమర్పణమెట్లగును? అది పరిత్యాగము. దానికి భగవంతుని పేరు చేర్చుటచే దోషము తగ్గదు.

లోకశాసనమును ఇందుకు అనుగుణముగానే యున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, పెంచు ప్రాణికి చాలినంత మేత, నీరు, నీడ ఇయ్యకపోవుట నేరము. ఆకలిదప్పులతో బాధపడునట్లు దానిని విడిచివేయుటయు నేరమే. 1976లో జరిగిన 42వ సవరణచే మన రాజ్యాంగమున చేరిన ప్రాథమిక విధులలో ప్రాణులయెడ దయ కలిగియుండుట ఒకటి. ధర్మశాస్త్రము పుణ్యమన్న దానిని రాజ్యాంగము పౌరుని విధి యన్నది.

రక్షించుటకు తెలివియు కావలెను

ఇట్లు ఉపేక్షితమైన కుందేలు మన కంటబడినచో ఏమి చేయవలెను? పొరుగింటివారు వదలించుకొనజూచునదైనను, వీధిలో దొరకినదైనను, ముందుగా నీడయు నీరును చూపవలెను. దయ మాత్రమే చాలదు. ఆ ప్రాణి ప్రకృతిని ఎఱిగిన దయ కావలెను. తెలియని ప్రేమ కూడ ప్రాణము తీయగలదు.

దానిని చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి ఱొమ్ముక్రింద, రెండవ చేయి వెనుకకాళ్లక్రింద ఉంచి ఒడలికి ఆనించుకొనవలెను. వెనుకకాళ్లకు ఆధారము లేనిచో అది బలముగా తన్నుకొని తన వెన్నెముకనే విఱుచుకొనును. మురికిగా నున్నదని నీట ముంచి స్నానము చేయింపరాదు. ఆ భయమునకును చలికిని ప్రాణము పోవచ్చును. తడిగుడ్డతో మురికి తుడిచినచో చాలును.

దాని ముఖ్యాహారము గడ్డి. పచ్చగరికయు, శుభ్రమైన ఎండుగడ్డియు పగలు రేయి దాని యెదుట ఉండవలెను. దాని దంతములు జీవితాంతము పెరుగుచుండును; గడ్డి నమలుటచేతనే అవి అరుగును. గడ్డి లేనిచో దంతములు వంకరగా పెరిగి నోటిని గాయపఱచును. తుదకు మేత యెదుట నున్నను తినజాలదు. కొత్తిమీర, పుదీన వంటి ఆకులు కొలదిగా పెట్టవచ్చును. పటములలో కుందేటి చేతికి ఎప్పుడును క్యారెట్ ఇచ్చి చూపుదురు గాని, అది తీపిదుంప గనుక చిన్నముక్కకు మించరాదు. అన్నము, రొట్టె, బిస్కట్లు తగవు. భక్తితో నైనను లడ్డును, చక్కెరపొంగలిని దానికి పెట్టరాదు. ప్రసాదము మనకు, స్వామి దానికి నియమించిన ప్రసాదము గడ్డియే.

తన మెత్తని పెంటికలను తానే తినుట చూచి కొందఱు అసహ్యించుకొందురు. ఆవు నెమరువేయునట్లు, గడ్డిలోని సారమును రెండవమాఱు గ్రహించుటకు ప్రకృతి దానికి ఏర్పఱచిన క్రమమది. దాని ప్రేగుల కదలిక ఆగరాదు. అర్ధదినము మేత ముట్టక, పెంటికలు వేయక మూలనొదిగి యున్నచో, ఉపవాసముతో సర్దుకొనునని ఊరకుండక వెంటనే పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను. మన ఇంటి మందులు వాడరాదు. పెన్సిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇచ్చినచో కుందేటికి ప్రాణాంతకములు.

ఎండ దానికి గొప్ప శత్రువు. దానికి మనవలె చెమట పట్టదు. చెవులద్వారానే చాలవఱకు వేడిని వెలిపుచ్చును. 30 డిగ్రీలు దాటిన వేడికే అది బాధపడును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ఊళ్లలో మేడమీది ఇనుపపెట్టె దానికి కొలిమియే. చల్లని గదిలో నేలపై చోటు చూపవలెను.

ఇంకొక ముఖ్యమైన మాట. ఆడమగలను వెంటనే వేఱుచేయవలెను. నాలుగు నెలల యీడుకే అవి సంతానయోగ్యములగును. గర్భము సుమారు 31 దినములు మాత్రమే. ఈనిన దినముననే మరల చూలు కట్టవచ్చును. రెండును ఆడవే యని అంగడివాడు చెప్పిన జత ఆఱునెలలలో ఇంటిని నింపుటయు, ఆ భారమునకు బెదరి గృహస్థు అన్నింటిని విడిచివేయుటయు తఱచుగా జరుగు కథ. కుందేళ్లకు శస్త్రము చేయ నేర్చిన పశువైద్యునిచే సంతాననిరోధము చేయించుట ఈ దుఃఖమును మొదటనే అరికట్టును.

ఒక గృహిణి ప్రశ్న

ఒక ప్రవచనము ముగిసిన పిమ్మట ఒక గృహిణి అడిగిన ప్రశ్న యిచట స్మరింపదగినది. ఆమె పొరుగువారు విడిచిన కుందేటిని తెచ్చి మూడు నెలలు సాకినది. పుండ్లు మానినవి, బొచ్చు వచ్చినది. ఆమె కుమారుని యొద్దకు విదేశము వెళ్లవలసియున్నది. దానిని ప్రేమతో పెంచుకొందుమని ఒక మంచి కుటుంబమువారు ముందుకు వచ్చినారు. "స్వామీ! నమ్ముకొన్న ప్రాణిని ఇంకొకరికి ఇచ్చుట పాపము కాదా? ఇయ్యకుండ నుండలేను, ఇచ్చుటకు చేతులు రావు. భరతుడు లేడిపిల్లను తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టినాడని మీరే చెప్పినారు. అసలు దీనిని తెచ్చుటయే తప్పా?" అని ఆమె కంట తడి పెట్టుకొన్నది.

ఈ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. భరతుని కథ విన్నవారిలో పెక్కురు, జంతువులపై దయ మోక్షమునకు అడ్డు అను నిర్ణయమునకు వత్తురు. కథను చివఱివఱకు చూచినచో అట్టి నిర్ణయము నిలువదు.

భరతుడు రాజ్యమును విడిచి గండకీతీరమున పులహాశ్రమమున తపస్సు చేయుచుండెను. చూలుతో నున్న లేడి యొకటి నీరు త్రాగుచుండగా సింహగర్జనము వినబడినది. అది బెదరి ఏటిని దాటనుఱికినది. గర్భము జాఱి పిల్ల నీట పడినది. తల్లి ప్రాణము విడిచినది. కొట్టుకొనిపోవుచున్న పిల్లను భరతుడు ఎత్తి ఆశ్రమమునకు తెచ్చెను. ఇంతవఱకు జరిగినదానిలో దోషమేమున్నది? ఎత్తకుండిన యెడల ఆతని తపస్సునకే కళంకము. దోషము తరువాత వచ్చినది. పిల్ల పెరిగినది, గడ్డి మేయ నేర్చినది, గంతులువేయ నేర్చినది. తన జాతితో కలసి బ్రతుకగల ఈడు వచ్చినది. అప్పుడును భరతుడు దానిని విడువలేదు. 'ఇది నాది, నేను లేనిచో దీనికి దిక్కులేదు' అనుకొన్నాడు. పూజకు కూర్చుండి దానినే చూచెను. నియమములు ఒక్కొక్కటిగా జాఱిపోయినవి. తుదిఘడియలో స్వామికి మాఱుగా లేడియే మనస్సున నిలిచినది.

లేడిజన్మము గడచిన పిమ్మట ఆతడే జడభరతుడై పుట్టెను. రహూగణ మహారాజు పల్లకిని మోయుటకు ఆతనిని పట్టి తెచ్చిరి. పల్లకి కుదుపులకు లోనయ్యెను. కారణమేమి? కాలిక్రింద ఏ ప్రాణి నలిగిపోవునోయని ఆతడు ముందు బారెడు నేలను చూచుచు అడుగు వేయుచుండెను. మిగిలిన బోయీల నడకతో ఆతని నడక కలియలేదు. రాజు కోపించెను, తిట్టెను. ఐనను ఆతని అడుగు మాఱలేదు. మన తెలుగు భాగవతమున ఈ పంచమస్కంధమును గంగనార్యుడు రచించినాడు. పోతనగారి స్కంధములవలెనే ఇదియు ఇంటింట చదువదగినది.

ఇచట గమనింపుడు. రెండు జన్మముల అనుభవముచే భరతుడు నేర్చినది దయను విడుచుట యైనచో, చీమకొఱకు రాజు కోపమును ఏల భరించును? ఆతడు విడిచినది మమకారమును. దయ తొలగలేదు సరికదా, ఒక్క లేడిపిల్లకే పరిమితమైనది నేలపైని ప్రతి ప్రాణికిని వ్యాపించినది. దయ వేఱు, మమకారము వేఱు. దయ ఆ ప్రాణికి ఏది మేలో చూచును. మమకారము ఆ ప్రాణి తన కెంత కావలెనో చూచును.

కావున ఆ గృహిణికి చెప్పిన సమాధానమిది: "అమ్మా! తెచ్చుట తప్పు కాదు, అది నీచేత స్వామి చేయించుకొన్న కైంకర్యము. ఇచ్చుటయు తప్పు కాదు. తగినవారిని చూచి ఇచ్చినచో ఆ కైంకర్యము పూర్తియగును. భరతుడు చేయలేకపోయిన పని నీవు చేయుచున్నావు. కన్నీరు వచ్చిన రానిమ్ము. అత్తవారింటికి కూతురిని పంపు తల్లికి కన్నీరు రాదా? ఆ కన్నీరు పాపము కాదు."

అప్పగింతలోని మర్యాద

శ్రీరామచంద్రుడు సముద్రతీరమున విభీషణునకు అభయమిచ్చెను. ఆ సందర్భముననే, తన జంటపక్షిని చంపిన వేటకాడు శరణు జొచ్చినప్పుడు తన దేహమునే ఆహారముగా ఇచ్చిన పావురపు కథను సుగ్రీవునకు గుర్తుచేసెను. మనుష్యునకు శరణాగతరక్షణ ధర్మమును నేర్పుటకు ఆయన ఎంచుకొన్న ఆచార్యుడు ఒక పక్షి! అట్లు రక్షించిన విభీషణుని పట్టాభిషేకానంతరము అయోధ్యలోనే ఉంచుకొనెనా? లేదు. ఆతడు నిలువదగిన చోటు లంక. అచటికే పంపెను. పంపునప్పుడును వట్టిచేతులతో పంపలేదు. ఇక్ష్వాకుల కులధనమైన శ్రీరంగవిమానమును ఇచ్చి పంపెనని మన సంప్రదాయము. రక్షించుట ఒక ధర్మము. రక్షింపబడినదానిని తగిన స్థానమున నిలుపుట దానికి ముగింపు.

కుందేటిని అప్పగించు గృహస్థు కూడ ఈ క్రమమునే పాటింపవలెను. ముందుగా స్వీకరించువారిని అడుగవలెను. ఇంటిలోని పెద్దలందఱకు ఇష్టమేనా? పిల్లవాని కోరికచేత మాత్రమే అడుగుచున్నారా? బాగుగా చూచినచో కుందేలు ఎనిమిది మొదలు పది సంవత్సరములు బ్రతుకును. ఈ దినము ఐదవ తరగతి చదువు బాలుడు కళాశాలకు వెళ్లు నాటికిని అది ఉండును. అప్పుడు చూచువారెవరు? ఊరికి వెళ్లినప్పుడు ఎవరి యొద్ద ఉంతురు? కుక్కలు, పిల్లులు ఇంటిలో ఉన్నవా? మాంసమునకో, సంతానముతో వ్యాపారమునకో కోరుచున్నారా? ఈ ప్రశ్నలకు నొచ్చుకొనువారికి ఇయ్యకుండుటయే మేలు. వీలైనచో ఒకమాఱు వారి ఇల్లు చూచి రావలెను. కన్యనిచ్చునప్పుడు విచారింపని తండ్రి యుండునా?

ఇచ్చునప్పుడు అది అలవాటుపడిన గిన్నెను, పెట్టెను, కొన్నినాళ్లకు చాలు గడ్డిని కూడ ఇయ్యవలెను. చేయించిన వైద్యమును ఒక కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. అచట ఇదివఱకే కుందేళ్లున్నచో రెండు వారములు వేఱుగా ఉంచి రోగము లేదని నిశ్చయించుకొనుమని చెప్పవలెను. కారణమేదైనను పెంచలేకపోయినచో వీధిలో విడువక మరల తమకే తెచ్చి ఇయ్యవలెనని మాట తీసికొనవలెను. తాము చూడజాలనివారు దాచిపెట్టక, హైదరాబాదులో 1992లో ఏర్పడిన బ్లూ క్రాస్ వంటి జంతుసంరక్షణ సంస్థలనో, తమ ఊరి పశువైద్యశాలనో అడిగి మార్గము తెలిసికొనవలెను.

విదేశములందున్న మన తెలుగు కుటుంబములవారికి ఇది క్రొత్త విషయము కాదు. అమెరికాలో ఈస్టర్ పండుగకు పిల్లలకు కానుకగా కుందేళ్లను కొని, కొన్ని వారములకే విడిచివేయుట చిరకాలముగా నున్న దురాచారము. అట్టివానిని చేరదీసి, ఇండ్లలో ఉంచి సాకి, తగినవారిని విచారించి అప్పగించుటకే కాలిఫోర్నియాలో 1988లో హౌస్ రాబిట్ సొసైటీ యను సంస్థ ఏర్పడినది. ఆ దేశమున నున్న మనవారు కుందేటిని కోరినచో అంగడికి పోక, ఇట్టి సంస్థలయందు ఇల్లు కొఱకు ఎదురుచూచు ప్రాణిని తెచ్చుకొనుట మేలు. మన ఊళ్లలోను ఈ పద్ధతియే మంచిది. క్రొత్తదానిని కొనుట ఆ వ్యాపారమును పెంచును. విడువబడినదానిని తెచ్చుకొనుట ఒక ప్రాణమును నిలుపును.

శశవిషాణము

తర్కశాస్త్రమున లేని వస్తువునకు ఉదాహరణము చెప్పవలసి వచ్చినప్పుడు పండితులు 'శశవిషాణము' అందురు. కుందేటికి కొమ్ము ఎంత నిజమో, ఆ వస్తువు అంత నిజమని భావము. 'ఈ కుందేలు నాది' అను మాటలో కుందేలు నిజము. దాని ఆకలి, దాని భయము, దాని నమ్మకము నిజము. 'నాది' అనునదే శశవిషాణము. సమస్తచేతనులును శ్రియఃపతికి శేషభూతులని మన సిద్ధాంతము. స్వామి సొత్తును కొన్నాళ్లు మన చేతిలో ఉంచినాడు. ఉంచినన్నాళ్లు జాగ్రత్తగా కాపాడవలెను. తగిన చేతులు దొరకినప్పుడు వెనుదీయక అప్పగింపవలెను. సొత్తు నాదనుకొని కౌగిలించుకొన్నవాడు భరతుడైనట్లే, నాది కాదని వీధిలో పడవేసినవాడు దోషియగును. ఈ రెండింటి నడుమ నున్నది కైంకర్యమార్గము.

ఈ వ్యాసమును చదివినవారు నేటి సాయంకాలము దీపము పెట్టుటకు ముందు ఒక్కమాఱు తమ మేడమీదికి, పొరుగువారి వరండావైపునకు చూతురుగాక. అచట మౌనముగా నొక ప్రాణి యున్నచో, దానికి గిన్నెడు నీరు, గుప్పెడు గరిక చేర్చిన పిమ్మటనే స్వామికి నైవేద్యము చేయుదురుగాక. సకలప్రాణులకును అంతర్యామియైన శ్రీనివాసుడు అట్టి గృహములపై తన కృపాకటాక్షమును ప్రసరింపజేయుగాక.